లెక్క నేర్పే ఇల్లు

తెలుగు సాహిత్యం తొలి అడుగులు వేస్తున్న కాలంలోనే గణితం తెలుగు పద్యంలో ఒదిగింది. క్రీస్తుశకం తొమ్మిదవ శతాబ్దిలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రచించిన ‘గణితసారసంగ్రహా’న్ని పావులూరి మల్లన తెనిగించాడు. ఆయన పదకొండవ శతాబ్దివాడని పలువురు సాహిత్య చరిత్రకారుల అభిప్రాయం. మహావీరుని గ్రంథంలో గుణకారం వర్తకానికి పనికివచ్చే ఉపాయం మాత్రమే కాదు, కనులకు విందు కూడా. లబ్ధంలోని అంకెలు హారంలోని పూసలవలె ఇరువైపులా సమంగా అమరే లెక్కలు అందులో ఉన్నాయి. 139ని 109తో గుణిస్తే 15151 వస్తుంది. ఎటునుంచి చదివినా సంఖ్య ఒక్కటే. ఇంతటి ఆనందాన్ని ఇవ్వగల గుణకారం నేడు అనేక గృహాలలో సాయంకాలపు కన్నీటికి కారణమవుతున్నది. ఇందుకు దోషం గణితానిదా, పిల్లలదా, నేర్పే తీరుదా అన్నది ఆలోచింపదగిన విషయం.

పూర్వం వీధిబడులలో ఎక్కాలు కంఠస్థం చేయించేవారు. పంతొమ్మిదవ శతాబ్దిలో అచ్చయి ఇంటింటా నిలిచిన బాలశిక్ష, పెద్ద బాలశిక్ష వంటి పుస్తకాలు అక్షరాలతోపాటు అంకెలనూ నేర్పాయి. కంఠస్థం చేయడం తక్కువ పని కాదు. ఎక్కం నాలుకపై ఆడుతున్న పిల్లవానికి పెద్ద లెక్క చేసేటప్పుడు మనసుకు భారం తగ్గుతుంది. అయితే ‘ఏడు నాలుగులు ఇరవై ఎనిమిది’ అని గడగడ చెప్పే బాలుడు, ఏడు బుట్టలలో నాలుగేసి మామిడిపండ్లు ఉంటే మొత్తం ఎన్ని అని అడిగినప్పుడు తెల్లబోతే, ఆ ఎక్కం అర్థం తెలియని శ్లోకంతో సమానం.

నేడు ఎక్కాల పుస్తకం స్థానంలోకి వర్క్‌బుక్ అని పిలిచే అభ్యాస పుస్తకం వచ్చింది. తిరుపతి, చిత్తూరు పట్టణాల పుస్తకాల అంగళ్లలో రంగురంగుల అట్టలతో అవి దొరుకుతున్నాయి. ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు పాఠ్యపుస్తకాలతోపాటు ఉచితంగానూ అందుతున్నాయి. అయినా ఫలితం ఆశించినంతగా లేదు. ‘ప్రథమ్’ సంస్థ ఇంటింటికీ వెళ్లి పిల్లల చదువును పరీక్షించి ‘అసర్’ నివేదికను వెలువరిస్తుంది. మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించడం అందులోని అత్యంత కఠినమైన లెక్క. 2024 నివేదిక ప్రకారం గ్రామీణ భారతంలో ఐదవ తరగతి పిల్లలలో ఆ లెక్క చేయగలిగినవారు సుమారు 31 శాతం మాత్రమే. పదిమందిలో ఏడుగురు భాగహారం రాకుండానే ప్రాథమిక విద్య చివరి మెట్టుకు చేరుతున్నారు.

ఇది కేవలం మార్కులకు సంబంధించిన విషయం కాదు. భాగహారం రానివానికి భిన్నం రాదు. భిన్నం రానివానికి శాతం రాదు. శాతం రానివానికి వడ్డీ తెలియదు. నూటికి రెండు రూపాయల వడ్డీ అనగానే అది స్వల్పంగా తోస్తుంది. అది నెలకు రెండు రూపాయలని, ఏడాదికి 24 శాతమని, 50,000 రూపాయల అప్పుకు సంవత్సరానికి 12,000 రూపాయలు వడ్డీకే పోతాయని లెక్క కట్టగలిగిన కుటుంబం ఆచితూచి అడుగు వేస్తుంది. వానలు ముఖం చాటేసే రాయలసీమలో ఒక్క తప్పు లెక్క ఒక ఎకరం పొలాన్ని మింగివేయగలదు.

అభ్యాస పుస్తకం వల్ల ప్రయోజనం లేదనడం న్యాయం కాదు. దానిని ఉపయోగించే తీరులోనే లోపమున్నది. పుస్తకం కొని పిల్లవాని చేతికిచ్చి, పది పుటలు నింపితేగాని అన్నం లేదని శాసించే తల్లిదండ్రులున్నారు. వారి దృష్టిలో నిండిన పుటలే చదువు. పిల్లవాడు తప్పు చేస్తే ఎర్ర సిరాతో కొట్టివేసి, మళ్లీ చేయమంటారు. తప్పు ఎందుకు వచ్చిందో అడగరు. అభ్యాస పుస్తకం తప్పులను లెక్కించే చిట్టా కాదు; పిల్లవాని ఆలోచనను చూపే అద్దం.

ఒక ఉదాహరణను పరిశీలించవచ్చు. 306ను 3తో భాగించమంటే చాలామంది పిల్లలు 12 అని రాస్తారు. వారికి మూడవ ఎక్కం వచ్చు. రానిది సున్న విలువ. అప్పుడు కోపగించుకొనడం కంటే, పన్నెండు మూళ్లు ఎంత అని అడగడం మేలు. 36 అని చెప్పిన మరుక్షణమే తన జవాబు ఎక్కడో దారి తప్పిందని పిల్లవాడే గ్రహిస్తాడు. పిమ్మట మూడు వందరూపాయల నోట్లు, ఆరు రూపాయి బిళ్లలు అతని ముందుంచి ముగ్గురికి సమంగా పంచమనాలి. తలా ఒక వంద నోటు, రెండు రూపాయలు వస్తాయి. పది రూపాయల నోటు ఎవరికీ రాలేదు. ఆ రానితనానికి గుర్తే నడుమనున్న సున్న, జవాబు 102. గుణకారం, భాగహారం ఒకే నాణెం ముఖాలని, ఒకదానితో మరొకదానిని సరిచూసుకోవచ్చునని ఆ పిల్లవాడు ఇక మరువడు.

‘మాకు చదువు రాదు, మేమేం చెప్పగలం?’ అని వెనుదీసే తల్లులు ఎందరో ఉన్నారు. పిల్లల చదువు ఆంగ్ల మాధ్యమంలోకి మారిన ఇళ్లలో ఈ సంకోచం ఇంకా పెరిగింది. ‘డివిజన్’ అనే మాట విని బెదరిన తల్లికి పంచడం తెలియదా? తలా ఎంత వస్తుందో తెలియదా? మూర 20 రూపాయల చొప్పున ఏడు మూరల పూలు అమ్మిన స్త్రీ కాగితం లేకుండానే 140 అంటుంది. రోజుకు ఆరు లీటర్ల పాలు పోసే ఇల్లాలు పదిహేను రోజులకు 90 లీటర్లని వేళ్లమీద చెబుతుంది. పెట్టెకు 25 కిలోల చొప్పున 18 పెట్టెల టమాటాలు మదనపల్లె మార్కెట్టుకు తోలిన రైతుకు 450 కిలోలని వేరొకరు చెప్పనక్కరలేదు. ఈ విద్యను చదువుగా గుర్తించకపోవడమే పెద్ద లోటు. పుస్తకంలోని లెక్కను పిల్లచేత తెలుగులో చెప్పించుకొని, ‘ఇది ఎట్లా వచ్చింది?’ అని అడిగే తల్లి ఉత్తమ పరీక్షకురాలు. అడిగినవారికి వివరించే ప్రయత్నంలోనే తెలిసినదీ తెలియనిదీ పిల్లకు తేటపడుతుంది.

ఆటలు సైతం ఇందుకు తోడ్పడతాయి. వామనగుంటల పీటలో ఏడేసి గుంటలు రెండు వరుసలు. గుంటకు ఐదేసి చింతగింజలు వేస్తే 14 అయిదులు 70. గింజలు చేతిలోకి తీసుకొని ఒక్కొక్కటిగా పంచడమే భాగహారం. చివర మిగిలినది శేషం. చింతగింజతో తెలిసిన దానిని పుస్తకంలో అంకెలతో రాయడం ఆ తరువాతి మెట్టు. మెట్లను తలకిందులు చేయరాదు.

ఈ క్రమానికి దగ్గరలోనే ఒక నిదర్శనమున్నది. మదనపల్లె సమీపంలోని రిషివ్యాలీ విద్యాసంస్థ పరిసర గ్రామాల చిన్న బడులకోసం పాఠాలను కార్డులుగా విభజించింది. ఒక్కో భావాన్ని పరిచయం చేసే కార్డు, అభ్యాసం చేయించే కార్డు, పరీక్షించే కార్డు, వెనుకబడినవారికి తోడ్పడే కార్డు, ముందున్నవారిని మరికొంత నడిపించే కార్డు అక్కడ ఉంటాయి. పిల్లలు తమతమ వేగంతో మెట్లెక్కుతారు. కర్ణాటకలోని ‘నలి కలి’కి, తమిళనాడులోని కృత్యాధార బోధనకు ఈ పద్ధతి స్ఫూర్తినిచ్చింది. ఇంటిలోని అభ్యాస పుస్తకానికీ ఇదే సూత్రం వర్తిస్తుంది. పొరుగింటి పిల్ల ఎన్నవ పుటలో ఉన్నదన్నది ప్రశ్న కాదు. ఈ పిల్ల ఏ మెట్టు దగ్గర ఆగిందన్నదే ప్రశ్న.

నేర్పవలసిన బాధ్యత బడిదే కదా, దానిని ఇంటిపై మోపడమెందుకని కొందరు వాదిస్తారు. వారి వాదంలో సత్యమున్నది. తెల్లవారకముందే కూలికి పోయే తల్లిదండ్రులను నిందించడం తగదు. బోధన బడి కర్తవ్యమే. ఇల్లు చేయవలసింది రెండవ బడి కావడం కాదు, నేర్చినదానికి నీడనివ్వడం. అందుకు గంటలు అవసరం లేదు. రోజుకు పదిహేను నిమిషాలు, ఐదారు లెక్కలు, ప్రక్కన కూర్చొని ఓపికగా వినే ఒక మనిషి చాలు.

ఆ మనిషి తల్లిదండ్రులే కానక్కరలేదు. ఇంటర్మీడియట్ చదివే అన్న, అక్క అనేక ఇళ్లలో ఉన్నారు. తమ్ముని పుస్తకంలో జవాబు తామే రాసి ఇవ్వడం సులభం. అతడు తప్పిన చోటును తన కళ్లతోనే చూసేటట్లు చేయడం కష్టం. కష్టమైన ఆ రెండవ పనినే ఎంచుకొన్ననాడు అభ్యాస పుస్తకం సార్థకమవుతుంది. ధనం పంచితే తరుగుతుంది, విద్య పంచితే పెరుగుతుంది అంటారు పెద్దలు. భాగహారం గుణకారమయ్యే చోటు అదొక్కటే.