రిటైరయ్యాక ఏ ఊరు? చవక ఊరి అసలు లెక్క

ఎక్కడ నలుగురు తెలుగువాళ్లం కలిసినా, సినిమాలూ రాజకీయాలూ అయిపోయాక చర్చ చివరకు ఒక్కచోటికే చేరుతుంది: "రిటైరయ్యాక ఎక్కడ?" సమాధానం కూడా దాదాపు ఒక్కటే. హైదరాబాద్, గేటెడ్ కమ్యూనిటీ, పక్కనే కార్పొరేట్ ఆసుపత్రి. డాలర్లు దండిగా వెనకేసుకున్నవాళ్లకు ఆ సమాధానం చాలు. వాళ్ల గురించి నాకేం బెంగ లేదు. మరి మిగతావాళ్ల సంగతేమిటి?

మిగతావాళ్లంటే ఏ కొద్దిమందో కాదు. గల్ఫ్‌లో ఇరవై ఏళ్లు పనిచేసిన మనవాడికి అక్కడ పెన్షన్ రాదు. ఉదాహరణకు యూఏఈ చట్టం ఇచ్చేది గ్రాట్యుటీ మాత్రమే: మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల మూలవేతనం, ఆ తర్వాత ఏడాదికి 30 రోజులది. అమెరికాలో 40 క్రెడిట్లు, అంటే కనీసం పదేళ్ల పని, పూర్తికాకుండా వెనక్కి వస్తే సోషల్ సెక్యూరిటీ పెన్షన్ ఆశ వదులుకోవాల్సిందే. పదేళ్లు నిండినా మెడికేర్ ఇండియాలో వైద్యానికి పనికిరాదు. ఇక ఊళ్లో చిన్న ప్రైవేటు కంపెనీల్లో చాకిరీ చేసిన మన నాన్నల తరానికి ఈపీఎస్-95 పెన్షన్ ఉంది. 2014లో దాని కనీస మొత్తాన్ని 1,000 రూపాయలుగా ఖరారు చేశారు. రోజుకు కాదండీ, నెలకు!

సరే, జీవితమంతా కష్టపడి ఒకాయన 30 లక్షలు కూడబెట్టాడనుకుందాం. అరవై దాటి, ఇండియాలో స్థిరపడ్డాక (ఎన్నారైగా ఉండగా కుదరదు) ఆ మొత్తాన్ని పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో వేయవచ్చు. 2023 ఏప్రిల్‌లో ఒక్కొక్కరి పరిమితిని 30 లక్షలకు పెంచారు, వడ్డీ 8.2 శాతం చేశారు. ఆ లెక్కన నెలకు 20,500 రూపాయలు. అద్దె ఏటా పెరుగుతుంది, మందుల ఖర్చు పెరుగుతుంది. ఈ 20,500 మాత్రం ఐదేళ్లపాటు అక్కడే ఉంటుంది. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి అని పెద్దలు ఊరికే అనలేదు.

"అయితే ఏదో చిన్న ఊరికి పోతే సరి, అన్నీ చవకే" అంటారు కొందరు. దూరపు కొండలు నునుపు. చిన్న ఊళ్లో అద్దె తక్కువే, కాదనను. కానీ గుండెనొప్పి వచ్చిన రాత్రి అంబులెన్సులో హైదరాబాద్‌కు పరుగెత్తి, ప్రైవేటు ఆసుపత్రిలో అడిగినంత కట్టాల్సి వస్తే, ఏళ్ల తరబడి అద్దెలో ఆదా చేసిందంతా ఆ ఒక్క వారంలో ఊడ్చుకుపోతుంది.

నా దృష్టిలో చవక ఊరంటే ధరలు తక్కువగా ఉన్న ఊరు కాదు. సొంత డబ్బు పెట్టి కొనుక్కోనక్కర్లేనివి ఎక్కువగా ఉన్న ఊరు. నమ్మి వెళ్లగలిగే ప్రభుత్వాసుపత్రి ఉంటే ఇన్సూరెన్సు భారం తగ్గుతుంది. వేళకు బస్సు వస్తే కారు అక్కర్లేదు. కుళాయిలో మంచినీళ్లు వస్తే క్యాన్లు కొననక్కర్లేదు. నడవడానికి ఫుట్‌పాత్, కూర్చోవడానికి పార్కు ఉంటే క్లబ్బు మెంబర్‌షిప్ అక్కర్లేదు. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చింది. ఆ పథకంపై ఎన్ని వాదనలున్నా, చెకప్ కోసం నెలకు రెండుసార్లు జిల్లా ఆసుపత్రికి వెళ్లే పెద్దావిడకు అది పెన్షన్ పెంచడంతో సమానం.

ఈ కొలతతో చూస్తే, నెలకు పాతిక ముప్పై వేల ఆదాయం ఉన్న దంపతులకు నేను రెండు పేర్లు చెబుతాను: వరంగల్-హనుమకొండ, విశాఖపట్నం. వరంగల్‌లో కాకతీయ మెడికల్ కాలేజీకి అనుబంధంగా ఎంజీఎం ఆసుపత్రి ఉంది. కాజీపేట జంక్షన్ ఉంది కాబట్టి ఢిల్లీకైనా చెన్నైకైనా రైలు దొరుకుతుంది. పొద్దున్నే నడవడానికి భద్రకాళి చెరువు కట్ట ఉంది. విశాఖలో 1923 నుంచి ఉన్న కేజీహెచ్ ఉంది, అగనంపూడిలో టాటా వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, ఆర్టీసీ సిటీ బస్సులున్నాయి, సాయంత్రానికి సముద్రం ఉంది.

ఈ ఊళ్లు స్వర్గాలని నేననడం లేదు. 2023 జులై వానలకు వరంగల్, హనుమకొండ కాలనీలు నీట మునిగాయి. 2014లో హుద్‌హుద్ విశాఖను అతలాకుతలం చేసింది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయింది. అద్దె చవకైన కాలనీ చాలాచోట్ల పల్లంలోనే ఉంటుంది. అందుకే ఇల్లు కొనేముందు కనీసం ఒక వానాకాలం అద్దెకుండి చూడండి.

ఇప్పుడు అసలు విషయం. ఆసుపత్రి, బస్సు, కుళాయి, మురుగుకాలువ... ఇవన్నీ రాజకీయం కాక మరేమిటి? విశాఖ నగరపాలక సంస్థకు 2012లో పదవీకాలం ముగిస్తే, మళ్లీ ఎన్నికలు జరిగింది 2021లో! తొమ్మిదేళ్లు అంత పెద్ద నగరానికి కార్పొరేటరే లేడు. కాలువ పూడిక తీయమని ముసలాయన ఎవరినడగాలి? అసెంబ్లీ సీట్ల లెక్కలు రాత్రంతా చర్చించే మనం ఈ సంగతి ఎన్నిసార్లు మాట్లాడాం?

మరొకటి. 2024 అక్టోబరులో కేంద్రం ఆదాయంతో నిమిత్తం లేకుండా 70 ఏళ్లు దాటినవారందరికీ ఆయుష్మాన్ భారత్ కింద ఏటా 5 లక్షల వైద్య రక్షణ ఇచ్చింది. మంచిదే. కానీ గల్ఫ్ కంపెనీ అరవైకే ఇంటికి పంపిస్తుంది. ఆ మధ్యలో పదేళ్లు ఎవరు చూడాలి? కరోనా మొదలైనప్పుడు, 2020 మార్చిలో, వృద్ధులకు రైల్వే రాయితీ ఆపేశారు. కరోనా పోయింది, రాయితీ మాత్రం తిరిగి రాలేదు.

మిత్రులారా, మన సంఘాలు ఊళ్లలో స్వాగత తోరణాలు కట్టించింది చాలు. గుంటూరు వైద్య కళాశాల పూర్వ విద్యార్థులు అమెరికాలో విరాళాలు పోగుచేసి గుంటూరు ప్రభుత్వాసుపత్రికి భవనం కట్టించారు. ఆ దారిలో ప్రతి జిల్లా ఆసుపత్రిలో ఒక వృద్ధుల వార్డుకు పూనుకుందాం. డబ్బుతోనే సరిపెట్టకుండా మూడు డిమాండ్లు పెడదాం: ఆయుష్మాన్ వయసు అరవైకి తగ్గించాలి, ఈపీఎస్ కనీస పెన్షన్‌తో మనిషి బతకగలగాలి, మునిసిపల్ ఎన్నికలు వేళకు జరగాలి. వచ్చే ఎన్నికల్లో ఓట్లడుగుతూ మన సభలకు వచ్చే నాయకులను ముందు ఈ మూడే అడగండి.

గేటు లోపల కొనుక్కున్న సుఖం కొందరిదే. గేటు బయట ఊరు బాగుపడితే అందరికీ చవకే.