డీజిల్ పన్నుకు చర్చ అక్కర్లేదా?

కొడికొండ చెక్‌పోస్ట్ దాటి బాగేపల్లి వైపు వచ్చే లారీ డ్రైవర్‌కి లెక్కలు ఎవరూ నేర్పనక్కర్లేదు. కర్ణాటక బంకు దాకా బండి చేరడానికి ఎంత కావాలో అంతే ఆంధ్రలో కొట్టిస్తాడు. ట్యాంకు నింపేది ఇటొచ్చాకే. హిందూపురం, చిలమత్తూరు మోటార్‌ సైకిళ్లదీ అదే దారి. ఇక్కడ రేటు తక్కువ అని బోర్డు పెట్టుకున్న బంకులూ సరిహద్దులో కనిపిస్తాయి.

ఈ తేడా ఆయిల్ కంపెనీలు పెట్టింది కాదు, ప్రభుత్వాలు పెట్టింది. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చినా పెట్రోలు, డీజిల్‌ను అందులో కలపలేదు. 2021 సెప్టెంబర్‌లో లక్నోలో కూర్చున్న జీఎస్టీ కౌన్సిల్ ఇది సమయం కాదని పక్కన పెట్టేసింది. కాబట్టి ఏ రాష్ట్రం పన్ను దానిదే. ఆంధ్ర 2020లో పెట్రోలుపై 31 శాతం, డీజిల్‌పై 22.25 శాతం వ్యాట్ పెట్టి, దానిమీద లీటరుకు 4 రూపాయలు, ఆపైన రోడ్ల సెస్సు కింద మరో రూపాయి వేసింది. 2021 నవంబర్‌లో కేంద్రం ఎక్సైజు తగ్గిస్తే కర్ణాటక కూడా లీటరుకు 7 రూపాయలు తగ్గించింది. ఆంధ్ర తగ్గించలేదు. బాగేపల్లి బంకులకు గిరాకీ ఎందుకొచ్చిందో వేరే చెప్పాలా?

ఆ తర్వాత కర్ణాటక తగ్గించినదాన్ని మెల్లగా వెనక్కి తీసుకుంటోంది. 2024 జూన్ 15న, లోక్‌సభ ఫలితాలు వచ్చిన పదకొండో రోజున, పెట్రోలుపై అమ్మకపు పన్ను 25.92 నుంచి 29.84 శాతానికి, డీజిల్‌పై 14.3 నుంచి 18.4 శాతానికి ఎక్కింది. రెండింటికీ లీటరు మీద మూడు రూపాయల చొప్పున పడింది. 2025 ఏప్రిల్ 1న డీజిల్ పన్ను మళ్లీ 21.17 శాతానికి పోయి, లీటరుకు ఇంకో రెండు రూపాయలు పెరిగింది. ఇంత పెంచినా పక్క రాష్ట్రాలకన్నా మా దగ్గరే తక్కువ అన్నది రెండుసార్లూ ప్రభుత్వం చెప్పిన సమాధానం. నిజమే, తక్కువే. అయితే పక్కింటాయన ఎక్కువ అప్పు చేశాడని మనం కూడా అప్పు చేయొచ్చా?

డీజిల్ ఖరీదైతే పొగ తగ్గుతుంది, వాతావరణానికి మంచిదే కదా అనేవాళ్లు బెంగళూరులో చాలామంది ఉన్నారు. మాటలో న్యాయం ఉంది. బీబీఎంపీ 2023 నవంబర్‌లో నగరానికి వాతావరణ కార్యాచరణ ప్రణాళిక కూడా విడుదల చేసింది. కానీ బండి దించి బస్సెక్కమంటే బస్సు చవగ్గా ఉండాలి. 2025 జనవరి 5న కర్ణాటక ఆర్టీసీ, బీఎంటీసీ ఛార్జీలు 15 శాతం పెరిగాయి. డీజిల్ ఖర్చు పెరిగిందన్నది అప్పుడు చెప్పిన కారణాల్లో ఒకటి. ఫిబ్రవరి 9న మెట్రో ఛార్జీలు పెరిగాయి, గరిష్ఠ టికెట్ 60 నుంచి 90 రూపాయలైంది. ఇంకో రెండు నెలలు తిరక్కముందే ఆ డీజిల్ మీదే పన్ను. ఆడవాళ్లకు 2023 జూన్ నుంచి శక్తి పథకం ఉంది, కాదనం. కానీ దానికి కర్ణాటక చిరునామా కావాలి. హిందూపురం నుంచి పనికొచ్చే అక్కకు అది వర్తించదు.

అసలు చిక్కు ఇంకోచోట ఉంది. ఎలక్ట్రిక్ బండ్లకు విధానం ప్రకటించిన మొదటి రాష్ట్రం కర్ణాటకే, 2017లో. ఆ బండ్లకున్న పన్ను మినహాయింపులో కోత పెట్టి, 25 లక్షల పైబడిన కార్లపై 10 శాతం వేయాలనుకున్నప్పుడు 2024లో చట్టాన్నే సవరించారు. బిల్లు సభ ముందుకొచ్చింది. మరి టెంపో ట్యాంకులో పోసే డీజిల్‌కి? 1957 నాటి అమ్మకపు పన్ను చట్టం కింద ఒక నోటిఫికేషన్ చాలు. ఖరీదైన కారు కొనేవాడి పన్నుకు సభ కావాలట, టమోటా టెంపోవాడి పన్నుకు గెజిట్ కాగితం చాలునట!

ఆ టమోటానే చూడండి. మదనపల్లె, కోలారు మండీల్లో క్రేటు ధర వేలంపాటలో తేలుతుంది. బాడుగ పెరిగిందని రైతు ఒక్క రూపాయి ఎక్కువ అడగలేడు, అది అతని రాబడిలోంచే పోతుంది. 300 లీటర్ల ట్యాంకు నింపితే 2025 ఏప్రిల్ పెంపు ఒక్కటే 600 రూపాయలు. దానికి ముందటి మూడు రూపాయలూ కలిపితే 1500. పైగా ఇది శాతాల లెక్క, మూల ధర పెరిగితే పన్ను తనంతట తానే పెరుగుతుంది. 2025 ఏప్రిల్ 14 అర్ధరాత్రి నుంచి కర్ణాటక లారీ యజమానులు సమ్మెకు దిగి, 17న విరమించారు. డీజిల్ పన్ను పెంపు మాత్రం అలాగే నిలిచింది.

పన్నే వద్దని అనడం లేదు. రోడ్లు, ఆసుపత్రులు ఊరికే రావు. పెంచిన ప్రతిసారీ ఆ నోటిఫికేషన్‌ను తర్వాతి సమావేశంలో శాసనసభ ముందు పెట్టి చర్చించాలి, వచ్చిన డబ్బులో బస్సులకెంత, రోడ్లకెంత, గ్యారంటీలకెంత అని అక్కడే చెప్పాలి. ఆంధ్ర ప్రభుత్వం కూడా 2020లో వేసిన నాలుగు రూపాయలకు, రోడ్ల సెస్సుకు ఇలాగే లెక్క చెప్పాలి. కోలారు, చిక్కబళ్లాపుర జిల్లాల ఎమ్మెల్యేల్లో తెలుగులో ఓట్లడగని వాళ్లు తక్కువ. ఈ ప్రశ్న కూడా వాళ్లను తెలుగులోనే అడగొచ్చు.