ఇల్లు కొనువానికి నేల కథ చెప్పువారెవరు?

కృష్ణపట్నము,
ముత్తుకూరు మండలము, నెల్లూరు జిల్లా.



హిమాచల ప్రదేశమున వ్యవసాయదారుడు కానివాడు ప్రభుత్వానుమతి లేనిదే భూమి కొనరాదని అచ్చటి భూసంస్కరణల చట్టము 118వ సెక్షను శాసించుచున్నది. మన రాష్ట్రముననే ఏజెన్సీ ప్రాంతములలో గిరిజనేతరులకు భూమి బదిలీ చేయుటను 1970 నాటి ఒకటవ రెగ్యులేషను నిషేధించుచున్నది. ఇవి కఠినములైన నియమములే యైనను, కొనవచ్చినవాడు తానెవడో తాను ఎఱిగిన చాలును, తనకు అర్హత కలదో లేదో వెంటనే తేలిపోవును. మా కృష్ణపట్నపు తీరమున పద్ధతి వేఱు. ఇచ్చట దేశవాసి యెవరైనను కొనవచ్చును. అయితే ఏ నేల అమ్మదగినదో ఏది కాదో నేలను చూచిన తెలియదు, అమ్మువానిని అడిగిన తెలియదు, ఒక్కొక్కప్పుడు కార్యాలయమున విచారించినను తెలియదు.

దస్తావేజులు వ్రాయుటయే వృత్తిగా ఈ ప్రాంతమున వయసు గడపినవాడను గనుక ఈ విషయమై విన్నవించుకొనుటకు నాకు కొంత అధికారము కలదనుకొందును. నా వాదము ఒక్కటే. స్టాంపు సుంకము స్వీకరించుటకు పూర్వమే, ఆ సర్వే నంబరును గూర్చి ప్రభుత్వమునకు తెలిసినదంతయు ఒక్క కాగితమున వ్రాసి, బాధ్యుడైన అధికారి సంతకము చేసి, కొనువాని చేతికి ఇయ్యవలయును.

2008లో ఓడరేవు ప్రారంభమైన నాటి నుండి, నేలటూరు విద్యుత్కేంద్రము, పంటపాళెము చుట్టునున్న నూనె కర్మాగారములు వెలసిన పిమ్మట, పొరుగు జిల్లాలవారే గాక తమిళులు, ఒడియావారు, తెలంగాణమువారు ఎందఱో ఉద్యోగార్థము వచ్చి స్థిరపడుచున్నారు. చెన్నై–బెంగుళూరు పారిశ్రామిక కారిడారులో భాగమైన మా కృష్ణపట్నపు పారిశ్రామిక నగరము క్రిస్ సిటీకి 2025 జనవరి 8న ప్రధానమంత్రి విశాఖపట్టణము నుండి శంకుస్థాపన చేసిరి. ఇక వచ్చువారి సంఖ్య పెరుగునే గాని తఱుగదు. (2021లో ఒక ఆయుర్వేద ఔషధము కొఱకు మా ఊరికి వచ్చిన జనసందోహము వేఱు, వారు మందు పుచ్చుకొని వెడలిపోయిరి. వీరు ఇండ్లు కట్టుకొని ఉండవచ్చినవారు.)

అట్టివాడు ఒకడు నలువది లక్షలకు ఇల్లు కొనదలచెననుకొందము. అతడు ఎదుర్కొనునది ఒక చట్టము గాదు, ఒకదానిపై నొకటి పేరుకొన్న అనేక కాలముల ఉత్తర్వులు. ఆంధ్ర ప్రాంతమున పేదలకు ఇచ్చిన పట్టాలలో అమ్మరాదను షరతు 1954 జూన్ 18 నాటి ప్రభుత్వోత్తర్వుతో చేరినది. కనుక అంతకు ముందిచ్చిన పట్టా ఒక తీరు, తరువాత ఇచ్చినది మఱియొక తీరు. 1977 నాటి అసైన్డు భూముల చట్టము అట్టి క్రయములు చెల్లవనియు, భూమిని ప్రభుత్వము తిరిగి స్వాధీనము చేసికొనవచ్చుననియు చెప్పెను. 2023లో ఆ చట్టమును సవరించి, ఇరువది యేండ్లు నిండిన భూములకు అమ్ముకొను స్వేచ్ఛ నిచ్చిరి. ఆ పిమ్మట అక్రమములు జరిగినవని 2024లో అట్టి భూముల రిజిస్ట్రేషనులను నిలిపివేసిరి. ఒకే చెక్క నేల అమ్మరానిదై, అమ్మదగినదై, మరల సందేహాస్పదమైనది. దానిపై నున్న గోడలు మాత్రము కదలలేదు!

ఇది చాలదన్నట్లు మా జిల్లాకు సీజేఎఫ్ఎస్ భూములను మఱియొక చిక్కు కలదు. ఒకప్పుడు పేదలచే సంఘములు కట్టించి, సమష్టి వ్యవసాయము కొఱకు ఆ సంఘముల పేర ఇచ్చిన భూములివి. సమష్టి వ్యవసాయము కాలగర్భమున కలిసినది గాని, సభ్యునికి వ్యక్తిగతముగా హక్కెంత యను వివాదము మిగిలినది. చుక్కల భూముల సంగతి అంతకంటె విచిత్రము: రీసెటిల్మెంటు రిజిస్టరులో యజమాని పేరుండవలసిన చోట గుమాస్తా చుక్కలు పెట్టిన పాపమునకు, అనుభవించు కుటుంబములు తరతరములు కార్యాలయముల చుట్టు తిరిగినవి. 2017లో దీనికై ప్రత్యేక చట్టము వచ్చెను. 2023 మే నెలలో మా జిల్లాలోని కావలి సభయందే రెండు లక్షల ఎకరములకు పైగా చుక్కల భూములను నిషేధము నుండి తొలగించుచున్నట్లు ప్రకటించిరి. పరాయి ప్రాంతము నుండి వచ్చినవానికి ఈ చరిత్ర యెట్లు తెలియును?

రిజిస్ట్రేషను చట్టము 22-ఎ సెక్షను క్రింద నిషేధిత భూముల జాబితా కలదు గదా యందురు. కలదు. 2015లో ఉమ్మడి హైకోర్టు పూర్తి ధర్మాసనము ఆ జాబితాలెట్లు ఉండవలయునో విపులముగ తీర్పు చెప్పినది కూడ. అయినను ఒక సర్వే నంబరులో కొంత భాగము ప్రభుత్వమునదైన పక్షమున నంబరంతయు జాబితాకెక్కుట, ఏ కారణమున ఎక్కినదో సామాన్యునికి బోధపడకుండుట నేటికిని మా అనుభవమునందున్నవి.

కండలేరు సముద్రమును చేరు ఈ తీరమున నేలకే గాక నీటికిని హద్దులు కలవు. తీర నియంత్రణ ప్రకటనలు 1991లో, 2011లో, 2019లో మారుచు వచ్చినవి. సముద్రపు పోటు గీత నుండి 500 మీటర్ల వఱకు ఆంక్షలు వర్తించును. ఉప్పుటేళ్ల కడ 2011 నాటి హద్దు 100 మీటర్లో ఏటి వెడల్పో ఏది తక్కువైన అది కాగా, 2019 నాటి ప్రకటన ఆ 100ను 50 చేసినది. ఆ గీత ఇంటి పెరటిలోనుండి పోవుచున్నదో, వీధికి ఆవల పోవుచున్నదో చెప్పు పటము రిజిస్ట్రేషను కార్యాలయపు బల్లపై నేను ఎన్నడును చూడలేదు.

ఇవన్నియు ఎన్‌కంబరెన్సు సర్టిఫికెట్టు (ఈసీ)లో కనబడునని నమ్ము అమాయకులు కలరు. ఈసీ యందు కనబడునవి రిజిస్టరైన లావాదేవీలు మాత్రమే. ప్రభుత్వపు హక్కు, తీరపు ఆంక్ష, అన్నదమ్ముల నోటి పంపకము అందు కనబడవు. దస్తావేజున మేము 'పుత్రపౌత్ర పారంపర్యముగ దాన వినిమయ విక్రయాది సర్వ స్వాతంత్ర్యములతో' అని నిండుగ వ్రాయుదుము. అమ్మువానికి లేని స్వాతంత్ర్యము మా కలమునుండి రాదు. రిజిస్ట్రారునకు యాజమాన్యమును విచారించు అధికారము లేదని 2025లో సుప్రీంకోర్టు తమిళనాడు నియమమొకటి కొట్టివేయుచు మరల స్పష్టపఱచినది. కాని సుంకము 5, బదిలీ సుంకము ఒకటిన్నర, రుసుము 1, వెరసి ఏడున్నర శాతము చొప్పున ఆ నలువది లక్షల ఇంటిపై మూడు లక్షలు స్వీకరించు అధికారము మాత్రము నిస్సందేహముగ కలదు.

విదేశములలోని మనవారి గతి మఱియొకటి. విదేశీ పౌరసత్వము గల ప్రవాస భారతీయులు ఇచ్చట ఇల్లు కొనవచ్చును గాని వ్యవసాయ భూమి కొనరాదు. రాళ్లు పాతి, ఎఱ్ఱమట్టి బాటలు వేసిన స్థలము అడంగల్ లో ఇంకను మాగాణిగనే ఉన్నచో, వారు తమకు తెలియకయే చట్టమును అతిక్రమించినవారగుదురు.

కొనువాడే జాగ్రత్తగ విచారించుకొనవలయునన్నది పాత సమాధానము. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము 55వ సెక్షను లోపములను వెల్లడించు బాధ్యతను అమ్మువానిపై నుంచినది. నిజమే, కాని ప్రభుత్వపు రికార్డులోని లోపము అమ్మువానికే తెలియనిచో అతడేమి వెల్లడించును? స్కాట్లండులో 2008 డిసెంబరు నుండి ఇల్లు అమ్మజూపువాడే ముందుగ ఇంటి నివేదిక సిద్ధపఱచవలసి యున్నది. అది ఇంటి స్థితికి సంబంధించినది గాని, కొనువాడు బేరమునకు ముందే తెలిసికొనవలెనను సూత్రము మనకును పనికివచ్చును.

కొందఱు మిత్రులు నన్ను 2022 నాటి భూ యాజమాన్య హక్కు చట్టమును సమర్థించువానిగ భావించుచున్నారు. దక్షిణ ఆస్ట్రేలియాలో 1858లో టారెన్సు ఆరంభించిన రీతిని ప్రభుత్వమే హక్కునకు హామీ యిచ్చు ఆ ఆలోచన చెడ్డది కాదు. కాని వివాదములను సివిలు కోర్టుల నుండి తప్పించి అధికారుల చేతికిచ్చుట ప్రజలను భయపెట్టినది, 2024లో అది రద్దైనది. నేను హామీ అడుగుటలేదు. తెలిసిన సంగతి చెప్పుడని మాత్రమే అడుగుచున్నాను. హక్కు ఎవరిదో కోర్టు తేల్చును. నిషేధిత జాబితాలో నున్నదా, ఏ కారణమున, తీరపు గీత ఎచ్చట, లేఅవుటునకు నెల్లూరు పట్టణాభివృద్ధి సంస్థ (నుడా) ఆమోదము కలదా యనునవి తేల్చుటకు కోర్టేల?

నేను కోరు పత్రముచే లంచములకు ఇంకొక ద్వారము తెఱచినట్లగునని ఒక ఆక్షేపణ కలదు. అది త్రోసివేయరానిది. అందుకే ఈ పత్రము దరఖాస్తుపై దయతో ఇచ్చునది కారాదు. సర్వే నంబరు చెప్పిన ప్రతివానికి, కొననివానికి సైతము, గ్రామ సచివాలయమున నిర్ణీత రుసుముపై దొరకవలయును, కారణము తెలుగులో ఉండవలయును, తప్పైనచో సంతకము చేసినవాడు జవాబుదారి కావలయును. 2019 నుండి సచివాలయములలో గ్రామ సర్వేయర్లు కూర్చుండియే యున్నారు. 2020 చివర నారంభమైన రీసర్వే కొలతలును ప్రభుత్వము చేతిలోనివే. దస్తావేజు షెడ్యూలులో నలుదిక్కుల హద్దులు వ్రాసిన పిమ్మట, ఆ పత్రపు సంఖ్య, తేదీ వ్రాయుటకు రెండు పంక్తుల చోటు చాలును.

ఇట్లు,
ఒక దస్తావేజు లేఖరి