బాంబులు పెట్టినదెవరు?

2006 జూలై 11 సాయంకాలం ముంబయి పశ్చిమ రైల్వే లోకల్ బండ్లలో ఏడు బాంబులు పేలి 180 మందికి పైగా మరణించారు. పని ముగించుకొని ఇండ్లకు మరలుతున్నవారిపై జరిగిన ఘాతుకమది. హంతకులకు శిక్ష పడవలెనని మేము ఆనాడూ కోరాము, నేడూ కోరుతున్నాము. పోలీసుల కథనాన్ని ప్రశ్నించడం అందుకే.

ప్రత్యేక న్యాయస్థానం 2015లో ఐదుగురికి మరణశిక్ష, ఏడుగురికి యావజ్జీవం విధించింది. 2025 జూలై 21న బొంబాయి హైకోర్టు పన్నెండుగురినీ నిర్దోషులన్నది. వారిలో ఒకరు 2021లోనే ఖైదీగా కన్నుమూశారు! చిత్రహింసలు పెట్టి ఒప్పుకోలు రాబట్టారనీ, ఆ వాంగ్మూలాలలో కొన్ని భాగాలు ఒకదానికొకటి నకళ్లుగా ఉన్నవనీ న్యాయమూర్తులు గుర్తించారు. పోలీసు అధికారి ఎదుట చేసిన ఒప్పుకోలును సాధారణ సాక్ష్య చట్టం అంగీకరించదు. మహారాష్ట్ర మకోకా చట్టం అంగీకరిస్తుంది. లాఠీకి పని కల్పించినది ఈ వెసులుబాటే.

ప్రత్యేక చట్టాల రుచి రైల్వే కార్మికులకు కొత్త కాదు. 1974 మే సమ్మెలో మీసా, భారత రక్షణ నిబంధనల క్రింద వేలాదిమంది జైళ్లపాలయ్యారు.

ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లగా, ఆ తీర్పు ఇతర కేసులకు ప్రమాణం కారాదని ఆ కోర్టు 2025 జూలై 24న ఆదేశించింది. విడుదలైనవారిని తిరిగి నిర్బంధించమనలేదు. ఒప్పుకోలు రాబట్టిన అధికారులపై స్వతంత్ర విచారణ జరపాలనీ, మృతుల కుటుంబాలకు అసలు నేరస్థులెవరో చెప్పాలనీ మేము డిమాండు చేస్తున్నాము.