పనిముట్లు జమ్మిచెట్టు దిగాలి

కుక్కర్ హ్యాండిల్ స్క్రూ వదులైతే మీరు దేంతో బిగిస్తారు? నిజం చెప్పండి. చాలా ఇళ్లలో జవాబు ఒకటే: చాకు మొనతో. ఇంట్లో స్క్రూడ్రైవర్ లేక కాదు. ఉంటుంది, ఒకటి కాదు నాలుగుంటాయి. కాకపోతే అవి ఒక జిప్పు సంచిలో ఉంటాయి. ఆ సంచి లాఫ్ట్ మీద, పాత సూట్‌కేసు వెనక, బొమ్మలకొలువు అట్టపెట్టె పక్కన ఉంటుంది. అది దిగాలంటే స్టూలు కావాలి, లేదా మగవాళ్లు ఆఫీసు నుంచి రావాలి. ఈలోగా పప్పు ఉడకాలి కదా! అందుకే చాకు. మన వంటింటి చాకుల్లో ఒకదానికైనా మొన విరిగి ఉండటానికి కారణం ఇదే.

విరాటపర్వంలో పాండవులు ఆయుధాలన్నీ మూటకట్టి జమ్మిచెట్టు మీద దాచారు. చూసినవాళ్లు శవమనుకుని దగ్గరికి రాకుండా జాగ్రత్త కూడా పడ్డారు. మన ఇళ్లలో పనిముట్లదీ అదే కథ. ఎత్తున ఒక మూట, దాని జోలికి పోవడానికి ఒక జంకు. పాండవులకు ఏడాది అజ్ఞాతవాసం కాబట్టి వాళ్లకు తప్పలేదు. మనకేం వచ్చింది?

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. ఇంటి పనిముట్లు సంచిలోంచి బయటపడి గోడ మీదకు రావాలి. ఆ గోడ మీద కూడా, ఇంట్లో ఎక్కువసేపు ఉండే మనిషి చేతికందే ఎత్తులో ఉండాలి. పెగ్‌బోర్డు ఏ రంగు, ఏ కంపెనీ, ఎన్ని కొక్కేలు అన్నవన్నీ ఆ తర్వాతి మాటలు.

పెగ్‌బోర్డు అనగానే అదేదో విదేశీ వస్తువు అనుకోకండి. మన పాత ఇళ్లలో చిలక్కొయ్య ఉండేది, గుర్తుందా? గోడలోకి దిగిన కొయ్య, కొన్నిచోట్ల చిలక ఆకారంలో చెక్కినది. దానికి తాతయ్యల చొక్కా, గొడుగు, చేతిసంచి వేలాడేవి. పక్కన గూడు, పైన ఉట్టి, అవతల దండెం. వస్తువు కంటికి కనబడాలి, చేతికి అందాలి అన్నది మనవాళ్లకు కొత్త సంగతి కాదు. చిల్లులున్న ఒక పలక, ఆ చిల్లుల్లో ఎక్కడంటే అక్కడ పెట్టుకోగల కొక్కేలు. అంటే జరుపుకోగలిగిన చిలక్కొయ్యలన్నమాట. ఇంకా దగ్గరి పోలిక కావాలంటే పోపుల డబ్బా. మూత తియ్యగానే ఏది ఉందో ఏది అయిపోయిందో తెలుస్తుంది. ఆవాలు లాఫ్ట్ మీద పెట్టుకుని ఎవరైనా వంట చేస్తారా?

ఇక మన మణికొండ సంగతి. అమెరికా వీడియోల్లో గ్యారేజీ గోడ నిండా రంపాలు, పానాలు తీరుగా వేలాడుతుంటాయి. మనకు గ్యారేజీ ఎక్కడిది? సెల్లార్‌లో కారు పట్టేంత చోటు, దానికో నంబరు, అంతే. అక్కడ చీపురు పెట్టినా అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో ఫొటో వస్తుంది. పుప్పాలగూడ నుంచి మర్రిచెట్టు దాకా మన అపార్ట్‌మెంట్లన్నిటికీ మిగిలిన ఒకే ఒక్క చోటు వంటింటి వెనక వాష్ ఏరియా. వాషింగ్ మెషీన్ మీద రెండు మూడడుగుల ఖాళీ గోడ ఉంటుంది చూడండి, అదే మన గ్యారేజీ. అది మంచిదే. ఎందుకంటే పని పుట్టేది కూడా అక్కడే. ఇక్కడి బోరు నీళ్లకు కుళాయి మూతి దగ్గర జల్లెడలో తెల్లగా సున్నం పేరుకుంటుంది. దాన్ని పానాతో విప్పి, కాసేపు వెనిగర్‌లో నానబెట్టి, పాత బ్రష్షుతో తోమి బిగిస్తే ధార మళ్లీ వస్తుంది. పది నిమిషాల పని. పానా కళ్లెదుట ఉంటే ఈ రోజే చేస్తాం. లాఫ్ట్ మీదుంటే ప్లంబర్‌కు ఫోను చేసి, అతను వస్తానన్న పూటంతా ఇంట్లో కాపలా కాస్తాం.

ఆ కాపలా కాసేదెవరు? మనమే కదా. పగలు పదకొండు గంటలకు సింకు కింద పైపు కారితే ఇంట్లో ఉండేది మనం. అయినా పనిముట్ల సంచి మాత్రం “మావారిది”. ఈ లెక్క నాకు ఎప్పుడూ అర్థం కాదు.

1961లో అమెరికాలోని కేంబ్రిడ్జ్‌లో ఒక వంటగది తయారైంది. వంటల పుస్తకాలతో, టీవీ కార్యక్రమాలతో పేరు తెచ్చుకున్న జూలియా చైల్డ్ ఇల్లది. ఆవిడ ఆరడుగులు దాటిన మనిషి. అందుకని ఆవిడ భర్త పాల్ వంటగట్టును మామూలు 36 అంగుళాలకు బదులు 38 అంగుళాల ఎత్తుకు లేపించాడు. గోడకు పెగ్‌బోర్డు కొట్టి, మూకుళ్లూ గిన్నెలూ తగిలించి, ఒక్కో దాని చుట్టూ గీత గీశాడు. ఏది ఎక్కడ తీశారో అక్కడే పెట్టాలని ఆ గీతే చెబుతుంది. ఆ వంటగదిని ఆవిడ 2001లో స్మిత్సోనియన్ సంస్థకు ఇచ్చేశారు. ఇప్పుడది వాషింగ్టన్ మ్యూజియంలో ఉంది. నాకు నచ్చింది పెగ్‌బోర్డు ఒక్కటే కాదు. పని చేసే మనిషి కొలతకు గది మారింది, చూశారా, అదీ సంగతి.

కాబట్టి మొదటి కొలత బోర్డుది కాదు, మీది. నా ఎత్తు అయిదడుగుల ఒక అంగుళం. మా ఇంట్లో బోర్డు పై వరస నా చెయ్యి మడమలెత్తకుండా అందే చోట ఉంది. మావారు “ఇంకొంచెం పైకి పెడితే బాగుంటుంది కదా, నాకు వంగాల్సి వస్తోంది” అన్నారు. “వంగండి, నడుముకు మంచిది” అన్నాను. నవ్వేసి ఊరుకున్నారు.

ఇప్పుడు బోర్డు ఎంపిక. దొరికేవి ప్రధానంగా మూడు రకాలు.

ఒకటి, ఫైబర్ బోర్డు. 2018 ఆగస్టు 9న మన హైటెక్ సిటీలో ఐకియా తెరిచాక ఈ మాట మనందరికీ పరిచయమైంది. అక్కడి స్కాడిస్ బోర్డు 56 సెంటీమీటర్ల చదరంలో ఒకటి, 76 వెడల్పు 56 ఎత్తులో ఒకటి ఉంటాయి. చూడముచ్చటగా ఉంటుంది. పిల్లల చదువు బల్ల దగ్గరికి, కుట్టుమిషన్ దగ్గరికి, కత్తెరలూ దారపు ఉండలూ పెట్టుకోవడానికి అది చాలు. ఒక సంగతి గమనించండి. దాని చిల్లులు గుండ్రంగా ఉండవు, నిలువుగా సాగి ఉంటాయి. బయట కొన్న కొక్కేలు దానికి పట్టవు. పైగా ఫైబర్ బోర్డు ఏదైనా సరే, తడి తగిలితే ఉబ్బుతుంది. వాన జల్లు పడే వాష్ ఏరియాకు నేను దాన్ని సిఫారసు చెయ్యను.

రెండోది, పౌడర్ కోటింగ్ వేసిన ఇనుప రేకు బోర్డు. బరువు మోస్తుంది, తడికి ఉబ్బదు. గీతలు పడి పూత లేచిన చోట మాత్రం తుప్పు పడుతుంది. ఇలాంటివి ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. పనిముట్లు, కొక్కేలు, స్క్రూలు చేత్తో పట్టుకుని చూసి కొనాలంటే సికింద్రాబాద్ రాణిగంజ్ ఉండనే ఉంది. బోర్డు ఎక్కడ కొన్నా కొక్కేలు దానితో పాటే తీసుకోండి. తర్వాత కొనాల్సి వస్తే ఒక కొక్కెం బ్యాగులో వేసుకుని వెళ్లండి. చిల్లు సైజూ చిల్లుల మధ్య దూరమూ ఒక్కో రకానికి ఒక్కోలా ఉంటాయి.

మూడోది, వడ్రంగి చేత చేయించుకునేది. వార్డ్‌రోబ్ పని చేయించినప్పుడు మిగిలిన ప్లైవుడ్ ముక్క చాలామంది ఇళ్లలో మంచం వెనక ఉంటుంది. నీళ్లకు తట్టుకునే రకమైతే దాని మీద ఐఎస్ 710 అని ముద్ర ఉంటుంది. మందపు ప్లైవుడ్‌కు బజారు కొక్కేలు సరిగ్గా దిగవు. గుండ్రటి కొయ్యపుల్లలు దిగేలా చిల్లులు వేయించండి. చిల్లు కాస్త ఏటవాలుగా, పుల్ల మొన పైకి చూసేలా ఉంటే సామాను జారిపడదు. అచ్చమైన చిలక్కొయ్యే! నా ఓటు దీనికే. పారేసే ముక్క పనికొస్తుంది, మన గోడకు సరిపడా కొలత వస్తుంది.

బోర్డు ఏదైనా మూడు జాగ్రత్తలు తప్పవు. వెనకనుంచి తగులుకునే కొక్కేలైతే గోడకూ బోర్డుకూ మధ్య అర అంగుళం సందు ఉండాలి. సందు లేకపోతే కొక్కెం లోపలికి దిగదు. రెండు, డ్రిల్లు పెట్టే ముందు గోడ ఏదో తెలుసుకోవాలి. ఎర్రటి పొడి రాలితే ఇటుక. తెల్లగా, మెత్తగా రాలితే తేలిక బ్లాకు. దానికి హ్యామర్ మోడ్ తీసేసి, ఆ బ్లాకులకని అమ్మే పొడవాటి నైలాన్ ప్లగ్గులు వాడాలి. మామూలువి వదులైపోతాయి. బూడిద రంగు పొడితో డ్రిల్లు మొరాయిస్తే అది కాంక్రీటు, హ్యామర్ డ్రిల్లు ఉండాల్సిందే. మూడు, స్విచ్‌బోర్డుకు నేరుగా పైనా కిందా, కుళాయికి నేరుగా పైనా చిల్లు పెట్టకండి. వైర్లూ పైపులూ సాధారణంగా ఆ దారినే పోతాయి.

అద్దె ఇల్లయితే? ఓనర్‌గారు చిల్లుకు చిల్లు లెక్కపెట్టి డిపాజిట్‌లో కోస్తారన్న భయం ఉంటుంది. అలాంటప్పుడు బోర్డును పాత ఇనుప ర్యాకు పక్కకు తీగతో కట్టేయండి. బోర్డు ఇంటిది కాదు, మనది. ఇల్లు మారితే వెంట వస్తుంది.

తగిలించేవి కూడా ఎక్కువ వద్దు. రెండు రకాల స్క్రూడ్రైవర్లు, కటింగ్ ప్లేయర్, తిప్పుకునే పానా ఒకటి, సుత్తి, టేపు, టెస్టర్, కత్తెర, చిన్న రంపం, టార్చి లైటు, టెఫ్లాన్ టేపు చుట్ట. బరువైన డ్రిల్లు మిషన్ అడుగున, నడుము ఎత్తులో. కోసేవీ గుచ్చుకునేవీ పై వరసలో. పసిపిల్లలున్న ఇంట్లో రంపం, బ్లేడు, డ్రిల్లు తాళం వేసిన అరలోనే ఉండాలి, అందులో రెండో మాట లేదు. చుట్టూ స్కెచ్‌పెన్నుతో గీత గీయడం మర్చిపోకండి. గీత ఖాళీగా కనబడితే “టేపు ఎవరు తీశారు?” అన్న ప్రశ్న ఇంట్లో అందరికీ ఒకేసారి వస్తుంది. మనం ఒక్కళ్లమే వెతుక్కునే బాధ తప్పుతుంది.

ఇది విన్న మా స్నేహితురాలు ఒకావిడ ఒక మాట అంది. “ఇప్పటికే వంటా, పిల్లలూ, అత్తమామల మందులూ మన నెత్తిన ఉన్నాయి. ఇప్పుడు పానా కూడా మన చేతికి వస్తే ఆ పనీ మనదే అయిపోతుంది. తెలియదన్నంత కాలమే సుఖం.” ఇది తేలిగ్గా తీసెయ్యాల్సిన మాట కాదు. మనకు చేతనైన పని చివరికి మన వంతే అవుతుందని మనందరికీ అనుభవమే.

అయినా నేను ఒప్పుకోలేకపోయాను. ఇప్పుడు మాత్రం ఆ పని మనది కాదా? కారుతున్న కుళాయి కింద బకెట్టు పెట్టేది, బకెట్టు నిండిందో లేదో చూసేది, మనిషి కోసం నాలుగుసార్లు ఫోను చేసేది, వచ్చాక పక్కన నిలబడేది మనమే. పని మనకు ఎలాగూ ఉంది. లేనిది పానా ఒక్కటే. పైగా సంచిలో ఉన్న పనిముట్టు ఒకరిది, గోడ మీదున్నది అందరిదీ. మా ఇంట్లో ఇప్పుడు ఎవరి కంట పడితే వాళ్లు చేస్తారు. ఎనిమిదో తరగతి చదివే మా అబ్బాయి సైకిల్ చైను వాడే బిగించుకుంటాడు. “స్క్రూడ్రైవర్ ఎక్కడుంది?” అని మావారు వంటింట్లోకి కేక వెయ్యడం మానేశారు. ఇంటర్ చదివే మా అమ్మాయి తన గది తలుపు గడియ తనే మార్చుకుని, “అమ్మా, ఒకసారి వేసి చూడు” అని పిలిచింది. రేపు పై చదువుకో ఉద్యోగానికో ఏ ఊరో వెళ్తుంది. తన గది గడియ సరిగ్గా పడుతుందో లేదో తనే చూసుకోగలదు అన్న ధైర్యం నాకు చిన్నది కాదు. కరెంటు బోర్డులు విప్పడం, గ్యాస్ పైపు ముట్టుకోవడం మాత్రం ఎవరికీ వద్దు. వాటికి తెలిసినవాళ్లే రావాలి.

ఏటా దసరాకు ఆయుధపూజ చేస్తాం. కారుకూ స్కూటీకీ పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయలు తొక్కిస్తాం. లాఫ్ట్ మీది సంచి ఆ రోజు కూడా ఎవరికీ గుర్తుకురాదు. అజ్ఞాతవాసం ముగిశాక పాండవుల ఆయుధాల కోసం చెట్టెక్కింది ఎవరో తెలుసు కదా, ఉత్తరకుమారుడు. శవమేమో అని జంకుతూనే ఎక్కాడు. దించమన్నది బృహన్నల. చీర కట్టుకుని నాట్యం నేర్పుతున్న ఆ చేతులే గాండీవం పట్టాయి.

మీ ఇంట్లో మూట ఏ చెట్టు మీదుందో చూడండి. దించమని చెప్పాల్సింది మీరే.