ఇళ్లు మన పేరిట, పని ఎవరి పేరిట?



పేదలకు పక్కా ఇళ్లు అనే మాట ఎన్నికల వేళ వినపడని వాడ మన భీవండిలో లేదు. ఇళ్లు కావాలి, అందులో రెండో మాట లేదు. 2020 సెప్టెంబరు 21 తెల్లవారుజామున పటేల్ కాంపౌండ్‌లో జిలానీ బిల్డింగు కూలి సుమారు 40 మంది చనిపోయారు. 2023 ఏప్రిల్ 29న వలపాడలో ఇంకో భవనం కూలింది. ఆ మట్టికుప్పలు చూసినవారెవరూ పాతవి తీసి కొత్తవి కట్టవద్దని అనరు.

నేను అడిగేది ఇంకొకటి. ఆ ఇళ్లు కట్టే పని ఎవరిది? పునాది తవ్వేది మొదలు రంగు వేసేదాకా, ఆ తరువాత వాచ్‌మన్, ఊడ్పు, నీళ్ల పంపు, లిఫ్టు, ఇలా ఒక్కో కాలనీలో ఏళ్ల తరబడి పని ఉంటుంది. డబ్బు ప్రజలది. పథకం మీద పేరు పేదలది. పనిలోకి ఎవరిని తీసుకోవాలన్నది మాత్రం కాంట్రాక్టరు ఇష్టం. 2016 నవంబరులో నోట్లు రద్దయినప్పుడు, 2017 జులైలో జి.ఎస్.టి. వచ్చినప్పుడు, 2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు మన సాంచాలు ఆగిపోయాయి. మీటరు కూలి తప్ప వేరే ఆధారం లేనివాడు సాంచా ఆగిన రోజున పస్తే. అలాంటి మనిషి ఉండే గల్లీ పక్కనే సర్కారు సొమ్ముతో భవనం లేస్తుంటే, అందులో ఒక్క రోజు పనికి కూడా అతనికి హక్కు లేదనడం ఏ న్యాయం?

ఇది గొంతెమ్మ కోరిక కాదు. పల్లెల్లో దీన్ని చేసి చూపించారు. 2016లో మొదలైన గ్రామీణ ఆవాస్ యోజనలో ఇల్లు కట్టుకునే కుటుంబానికి, ఆ ఇంటి పనికే, ఉపాధి హామీ కింద 90 నుంచి 95 రోజుల కూలి ఇచ్చే ఏర్పాటు పెట్టారు. తన ఇంటి పనికి తనకే కూలి. పట్టణాల్లో కాంట్రాక్టరు కట్టే కాలనీలకు అలాంటి ఏర్పాటు పెట్టలేదు. పల్లెలో పేదవాడికి చెల్లిన న్యాయం పట్నంలో ఎందుకు చెల్లదు?

అమెరికాలో 1968 గృహనిర్మాణ చట్టంలోనే మూడో సెక్షన్ అని ఒకటి ఉంది. సర్కారు సొమ్ముతో ఇళ్లు కట్టినచోట, వీలైనంత మేరకు, అక్కడి తక్కువ ఆదాయం వాళ్లకు ఉద్యోగాలు, వాళ్ల సంస్థలకు కాంట్రాక్టులు ఇవ్వాలని దాని సారం. 1994 నియమాల్లో, కొత్తగా తీసుకునే వారిలో 30 శాతం అలాంటివారు ఉండాలన్నారు. కాంట్రాక్టరుకు దారి దొరకడం ఎంతసేపు? కొత్తవారిని తీసుకోనే లేదంటే లెక్క సున్నా. పని చివర్లో నలుగురిని చేర్చుకుంటే లెక్క నిండిపోయె. అందుకే 2020లో నియమం మార్చి, మనుషులను లెక్కపెట్టే బదులు పని గంటలను లెక్కపెట్టమన్నారు. మొత్తం పని గంటల్లో 25 శాతం వాళ్లవి కావాలి. మీటరు లెక్కన బతికే మనకు ఈ తేడా ఒకరు విడమరచి చెప్పనక్కరలేదు.

మన పక్కనే ముంబయిలో ఏం జరిగిందో కూడా చూడాలి. 1982 జనవరి 18న మొదలైన మిల్లు సమ్మెలో సుమారు రెండున్నర లక్షల మంది దిగారు. తరువాత మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఆ స్థలాల కోసం 1991లో పెట్టిన 58వ నియమం మూడో వంతు భూమిని ఇళ్లకు కేటాయించింది. 2001లో దాన్ని మార్చి, ఖాళీ జాగాకే లెక్క అన్నారు. 2006లో సుప్రీంకోర్టు ఆ మార్పును సమర్థించింది. మిల్లు కార్మికుల ఇళ్లకు లక్షన్నరకు పైగా దరఖాస్తులు వస్తే, ఇల్లు దొరికినవారు అందులో చిన్న భాగమే. అదే నియమంలో ఇంకో మాట ఉంది. యజమాని కొత్త పరిశ్రమ పెడితే, మిల్లు కార్మికునికి లేదా అతని ఇంట్లో ఒకరికి ఉద్యోగంలో ప్రాధాన్యం ఇవ్వాలి, తగిన అర్హత ఉంటే! ఆ 'అర్హత' దగ్గరే తలుపు మూసుకుంది. పాతికేళ్లు మగ్గం నడిపిన మనిషికి గాజు మేడలో ఉద్యోగానికి అర్హత ఎక్కడినుంచి వస్తుంది? ముందు పని నేర్పించు, తరువాత అర్హత అడుగు.

మన సిరిసిల్ల అనుభవం ఇంకో పాఠం. 2017 నుంచి తెలంగాణ ప్రభుత్వం బతుకమ్మ చీరల ఆర్డరును అక్కడి మరమగ్గాలకు ఇచ్చింది. సర్కారు కొనుగోలు స్థానిక కార్మికునికి అన్నం పెట్టగలదని రుజువైంది. 2023 తరువాత ఆ చీరల ఆర్డరు ఆగగానే సాంచాలూ ఆగాయి. దయగా ఇచ్చింది ప్రభుత్వం మారితే పోతుంది. చట్టంలో, టెండరు కాగితంలో రాయించుకున్నది అంత తేలికగా పోదు.

ఇప్పుడు అసలు చిక్కు ముడికి వద్దాం. 'స్థానికులకు పని' అంటే స్థానికుడు ఎవరు? మహారాష్ట్రలో 80 శాతం భూమిపుత్రులకే అనే నినాదం మనం ఏళ్లుగా వింటున్నాం. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో పరిశ్రమల్లో 75 శాతం స్థానికులకని చట్టం చేశారు. హర్యానా చేసిన అలాంటి చట్టాన్ని 2023 నవంబరులో అక్కడి హైకోర్టు కొట్టేసింది. పుట్టుక చూసి, భాష చూసి పని పంచితే ముందు బయటపడేది మనమే. కరీంనగర్, నల్లగొండ, వరంగల్, పాలమూరు నుంచి మూటాముల్లె సర్దుకుని వచ్చినవాళ్లం. మన పక్క సాంచా మీద నిలబడే ఉత్తరప్రదేశ్, బీహార్ సోదరుడూ అంతే. అతన్ని వెళ్లగొట్టి మనం బాగుపడే మార్గం మన సంఘానికి వద్దు.

కాబట్టి కొలత రెండే ఉండాలి: ఆ బస్తీలో ఉంటున్నాడా, ఆదాయం తక్కువా. ఉంటున్నాడని రుజువేమిటి అంటారు. సేటు మస్టరు పెట్టడు, ఖోలీ యజమాని రసీదు ఇవ్వడు, కొందరు కార్ఖానాలోనే పడుకుంటారు. కానీ ఆ మనిషి నెల నెలా ఎక్కడో ఒక బిస్సీలో తింటున్నాడు కదా! బిస్సీ నడిపే అక్క దగ్గర ఖాతా పుస్తకం ఉంటుంది. ఎవరు ఏ నెల తిన్నారు, ఎంత బాకీ, అంతా అందులో ఉంటుంది. కరెంటు బిల్లు లేనివాడికి ఆ పుస్తకాన్నీ, బడిలో పిల్లల పేర్లనూ సాక్ష్యంగా తీసుకోవాలని మనం పట్టుబట్టాలి.

'సాంచా మనుషులకు కట్టుబడి పని రాదు' అని కాంట్రాక్టరు అంటాడు. బీము ఎక్కించేవాడు, జాబరు పని తెలిసినవాడు ప్లంబింగు, వైరింగు నేర్వలేడా? కండెలు చుట్టే ఆడవాళ్లు కొత్త పని పట్టలేరా? కేరళలో కుటుంబశ్రీ మహిళలు తాపీ పని నేర్చుకుని ఇళ్లు కట్టారు. అక్కడే 1925లో కూలీలు పెట్టుకున్న ఊరాళుంగల్ సహకార సంఘం ఇవాళ పెద్ద పెద్ద రోడ్లు, భవనాలు కడుతోంది. మహారాష్ట్రలోనూ చిన్న సర్కారు పనుల్లో మజూర్ సహకారి సంస్థలకు వాటా ఇచ్చే పద్ధతి ఉంది. కూలీలు లేని కాగితం సొసైటీలు దాన్ని కాజేయకుండా, నిజమైన కూలీలే సభ్యులుగా మనం ఒకటి నిలబెట్టుకోవాలి.

మన కోరికలు ఇవి. ఒకటి: భీవండిలో సర్కారు సొమ్ముతో కట్టే ప్రతి గృహనిర్మాణ టెండరులో, పని గంటల్లో నాలుగో వంతు ఆ బస్తీ పేదలదేనని రాయాలి. రెండు: మస్టరును పని స్థలంలో గోడకు అంటించాలి, వాటా తగ్గితే బిల్లు ఆపాలి. మూడు: పని మొదలయ్యే ముందే కూలితో కూడిన శిక్షణ ఇవ్వాలి. నాలుగు: ఇళ్లు తయారయ్యాక కాపలా, ఊడ్పు, పంపు పనులు అక్కడివారి సహకార సంఘానికే ఇవ్వాలి. అయిదు: పని చేసిన ప్రతి ఒక్కరికీ 90 రోజుల పని సర్టిఫికెట్ ఇచ్చి, నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో పేరు రాయించాలి. 1996 చట్టం తెచ్చిన ఒక శాతం సెస్సు కొత్త లేబరు కోడ్‌లలోనూ నిలిచింది. ఆ సొమ్ము మన పిల్లల చదువుకూ అందాలి.

వీటివల్ల సాంచా మీద మన పోరాటం తగ్గదు. పన్నెండు గంటల డ్యూటీ, మీటరు రేటు, బోనసు, అన్నీ అలాగే ఉన్నాయి. అయితే సాంచా ఆగిన నాడు ఇంకో చోట పని దొరుకుతుందన్న ధైర్యం ఉన్న కార్మికుడు సేటు ముందు తల వంచడు. అందుకే ఇది కూడా కూలి పోరాటమే.

ఈ నెల ప్రతి బిస్సీలో, ప్రతి కార్ఖానా గేటు దగ్గర ఈ అయిదు కోరికలు చదివి వినిపించండి. తెలుగులోనే కాదు, హిందీలోనూ, మరాఠీలోనూ చదవండి. పక్క సాంచా సోదరుని సంతకం కూడా తీసుకోండి. సంతకాల కట్ట పట్టుకుని మహానగరపాలికకు అందరం కలిసి వెళదాం.

— కార్యదర్శి