బానెట్ ఎత్తగానే హీరో అయిపోతామా?

సినిమాల్లో ఈ సీను మీరు పదిసార్లయినా చూసి వుంటారు. జోరున వాన. హీరోయిన్ కారు నడిరోడ్డు మీద ఆగిపోతుంది. అటుగా వచ్చిన హీరోగారు చొక్కా చేతులు మడిచి బానెట్ ఎత్తుతాడు. ఏదో వైరు పట్టుకుని ఇటు లాగి అటు తగిలిస్తాడు. బండి ఝుమ్మంటుంది. మరుక్షణం డ్యూయెట్టు!

ఆ సీను రాసిన వాళ్ళెవరోగాని, ఈనాటి ఖరీదైన బండి బానెట్ ఎత్తి చూసి వుండరు. ఎత్తితే కనిపించేది ఒక నల్లటి ప్లాస్టిక్ మూత. ఇంజను ఆ మూత కింద రాణీవాసంలో వుంటుంది. లాగడానికి వైరూ దొరకదు, పాడటానికి డ్యూయెట్టూ మిగలదు.

ఇదంతా ఎందుకంటే, కిందటి నెల తెనాలి నుంచి ఒక కాలేజీ కుర్రాడు ఉత్తరం రాశాడు. "హీరోలు తిరిగే ఆ పెద్ద పెద్ద ఎస్.యు.వి.లు పాతబడ్డాక సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా వస్తున్నాయి కదా! అవి పాడైతే కంపెనీకి పంపాల్సిందేనా? మనం ఇంటి దగ్గర బాగుచేసుకోలేమా?" అని అడిగాడు. మంచి ప్రశ్న. జవాబు నా దగ్గర వుంది. అది తెలుసుకోవడానికి మా బావకి ఒకరోజు అద్దె, నాకు ఒక రాత్రి నిద్ర ఖర్చయ్యాయి.

మా బావ హైదరాబాదులో షూటింగులకి కార్లు సప్లై చేస్తాడు. తెర మీద హీరో దిగే బండి చాలాసార్లు హీరోది కాదు, మా బావలాంటి వాళ్ళది. రెండేళ్ళ కిందట వూళ్ళో వున్న ఎకరం అమ్మి, చాలకపోతే పైన అప్పు చేసి, సెకండ్ హ్యాండ్‌లో ఒక విదేశీ ఎస్.యు.వి. కొన్నాడు. ఎనిమిది సిలిండర్లు, రెండు టర్బోలు. దాని పేరు మాత్రం చెప్పను. చెబితే మా అక్క నాకు అన్నం పెట్టదు!

ఒకరోజు రాత్రి తొమ్మిదింటికి బావ ఫోను. "ఒరేయ్, బండి చలిజ్వరం వచ్చినట్టు వణుకుతోందిరా. డాష్‌బోర్డు మీద ఇంజను దీపం ఆరుతూ వెలుగుతూ వుంది. పొద్దున ఆరింటికి హీరో ఎంట్రీ షాటు!"

పరుగెత్తుకుని వెళ్ళాను. సాయంత్రమే ఒక వర్క్‌షాపులో చూపించాడట. ఇంజను దింపితే తప్ప ఏమీ చెప్పలేమని ఆరంకెల అంచనా రాసిచ్చారు. "అంతిచ్చుకోవాలంటే ఇంకో ఎకరం అమ్మాలి. ఆ ఇంకో ఎకరం లేదు" అన్నాడు బావ. నవ్వుతూనే అన్నాడుగాని, గొంతులో నవ్వు లేదు. తాళాలు జేబులో వేసుకుని, "నలభై కిలోమీటర్లేగా, నెమ్మదిగా తోలుకుపోతా. షాటు రెండు నిమిషాలేరా" అని బయల్దేరబోయాడు.

ఆపింది నేను కాదు, చాచా. నలభై ఏళ్ళుగా బానెట్ల కిందే బతికిన పెద్దమనిషి. నా ఫోను అందుకుని స్కూటరు మీద వచ్చాడు. వస్తూనే తాళాలు తీసుకుని తన జేబులో వేసుకున్నాడు. "దీపం ఊకె వెలిగితే బండి చెప్తున్నట్టు సార్. కొట్టుకుంటున్నదంటే మొత్తుకుంటున్నట్టు" అన్నాడు.

మిత్రులారా, ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకుంటే చాలు, ఈ వారం కాలమ్ చదివిన ఫలం దక్కినట్టే. ఇంజను దీపం నిలకడగా వెలుగుతూ, బండి మామూలుగానే నడుస్తూ వుంటే ఒకటి రెండు రోజుల్లో చూపించుకోవచ్చు. అదే మిణుకుమిణుకుమంటే మాత్రం ఏదో సిలిండర్లో పెట్రోలు సరిగా మండటం లేదని అర్థం. దీన్నే మిస్‌ఫైర్ అంటారు. మండని పెట్రోలు పొగగొట్టంలోకి పోయి, అక్కడ కెటాలిటిక్ కన్వర్టర్‌లో మండుతుంది. ఆ వేడికి లోపలి తేనెతుట్టెలాంటి భాగం కరిగిపోవచ్చు. వేలతో పోయే రోగం లక్షలకి పాకేది అలాగే. బావ ఆ నలభై కిలోమీటర్లూ తోలి వుంటే జరగబోయేది అదే.

చాచా సంచిలోంచి అగ్గిపెట్టెకి అన్నయ్యలాంటి చిన్న పరికరం తీశాడు. స్టీరింగు కింద, మోకాళ్ళు తగిలే చోట 16 పిన్నుల సాకెట్ ఒకటుంటుంది. అమెరికాలో 1996 మోడల్ నుంచి కార్లకి అది తప్పనిసరి చేశారు. తరువాత ప్రపంచమంతా పాకింది. పరికరం అందులో గుచ్చితే బండి మనసులో మాట బ్లూటూత్ ద్వారా ఫోనులోకి వచ్చేస్తుంది. మా ఫోనులో వచ్చింది: పి 0303.

'పి' అంటే ఇంజను, గేరుబాక్సు కుటుంబం. '03' మిస్‌ఫైర్, ఇగ్నిషన్ వర్గం. చివరి '03' మూడో సిలిండర్. పి 0300 వచ్చి వుంటే, తప్పు ఒక్క సిలిండర్‌ది అని తేల్చలేని మిస్‌ఫైర్ అన్నమాట.

"అయితే మూడో దాని కాయిల్ కొనేద్దాం" అన్నాన్నేను, అంతా తెలిసిపోయినట్టు.

చాచా తల అడ్డంగా వూపాడు. "గది జాగ చెప్పింది సార్, పార్టు చెప్పలే."

ఎంత మాట! మూడో సిలిండర్లో తప్పుందన్నదే గాని, ఆ తప్పు కాయిల్‌దా, స్పార్క్ ప్లగ్‌దా, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్‌దా, లేక సిలిండర్ లోపలి పిస్టన్ వాల్వులదా అన్నది కోడు చెప్పదు. సొంతంగా రిపేరు చేసుకునే కుర్రాళ్ళు చేసే మొదటి పొరపాటు ఇదే. కోడు చూసి పార్టు కొంటారు. తగ్గదు. ఇంకోటి కొంటారు. చివరికి కారు ఖరీదు పార్టులు పోగవుతాయి. చెప్పిన జాగాలో ఏ పార్టు దొంగో రుజువు చేసుకోవాలి. ఆ రుజువుకి పైసా ఖర్చు లేదు.

ఇంజను చల్లారే దాకా ఆగాం. ప్లాస్టిక్ మూత తీశాం. ఒక్కొక్క సిలిండర్‌కి ఒక్కొక్క ఇగ్నిషన్ కాయిల్ వుంటుంది. మూడో దాన్ని తీసి అయిదో దానిలో, అయిదో దాన్ని తీసి మూడో దానిలో పెట్టాం. (ఏది ఎన్నో సిలిండరో కంటితో చూసి చెప్పకండి. ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క. బండితో వచ్చే పుస్తకమో, సర్వీసు మాన్యువలో చూడాలి.) పాత కోడు చెరిపేసి, రెండు నిమిషాలు ఇంజను నడిపాం. మళ్ళీ అదే వణుకు. ఫోను చూశాం: పి 0305.

తప్పు కాయిల్‌తో పాటు నడిచి అయిదో ఇంటికి వెళ్ళింది! ఇంజను దింపక్కర్లేదు. దొంగ కాయిలే. కోడు మూడులోనే కూర్చుని వుంటే అప్పుడు ప్లగ్ మార్చి చూడాలి, ఆ తరువాత ఇంజెక్టరు, కంప్రెషన్. అదీ వరస.

దొంగ దొరికాడుగాని రాత్రి పదకొండయింది. ఆ కాయిల్ అమ్మే షాపు తెరిచేది పొద్దున పదింటికి. షాటు ఆరింటికి. బావ చాలాసేపు మెట్ల మీద కూర్చున్నాడు. అక్క కాఫీ ఇచ్చి ఏమీ అడక్కుండా లోపలికి వెళ్ళింది. ఆఖరికి ప్రొడక్షన్ మేనేజర్‌కి ఫోను చేసి, "బండి రాదండీ" అని నిజం చెప్పేశాడు. అవతల నుంచి వచ్చిన మాటలు ఈ పత్రికలో అచ్చు వెయ్యరు. వాళ్ళు తెల్లారేలోగా ఇంకో బండి చూసుకున్నారు. ఆ సినిమాకి మా బావ బండిని మళ్ళీ పిలవలేదు. ఒక్క ఫోను కాల్‌తో అంతా సుఖాంతమయ్యేది తెర మీదే.

మర్నాడు కాయిల్ వేశాం. ప్లగ్గులు ఎన్నాళ్ళవో ఎవరికీ తెలియదు కనుక ఎనిమిదీ మార్చాం. అంతా కలిపి వర్క్‌షాపు అంచనాలో ఇరవయ్యో వంతు కాలేదు. బండి వణకటం మానేసింది. ఆ కెటాలిటిక్ కన్వర్టర్ ఈనాటికీ క్షేమం.

ఇప్పుడు తెనాలి తమ్ముడికి వరసగా చెబుతాను.

మొదట బ్యాటరీ చూసుకో. ఇలాంటి బళ్ళలో కంప్యూటర్లు డజన్ల కొద్దీ వుంటాయి. కరెంటు తగ్గితే ఒక్కొక్కటీ ఒక్కొక్క అబద్ధం చెబుతుంది. బ్రేకు పాడైందనీ, సస్పెన్షన్ పాడైందనీ దీపాలు వరసగా వెలుగుతాయి. చవక మల్టీమీటర్ ఒకటి కొనుక్కో. రాత్రంతా ఆగివున్న బండిలో 12.6 వోల్టుల దగ్గర వుంటే దివ్యంగా వున్నట్టు. 12.2 కి దిగితే చార్జి సగమే. ఇంజను నడుస్తుంటే మామూలుగా 13.5, 14.5 మధ్య వుండాలి. బ్యాటరీ ఎక్కడుందని బానెట్ కింద వెతక్కు. కొన్ని బళ్ళలో ముందు సీటు కింద, కొన్నిట్లో డిక్కీ అడుగున దాక్కుంటుంది. కొన్నిట్లో కొత్త బ్యాటరీ వేశాక ఆ సంగతి కంప్యూటర్‌కి కూడా చెప్పాలి.

రెండోది, నీ బండి జాతి జబ్బులు తెలుసుకో. ఉదాహరణకి పోర్షే కయెన్ తీసుకో (మా బావది అది కాదు). స్పోర్ట్స్ కార్ల కంపెనీ 2002లో తెచ్చిన ఎస్.యు.వి. అది. తొలి టర్బో మోడల్ 4.5 లీటర్ల వి8, 450 హార్స్ పవర్. ఆ తొలి వి8 బళ్ళలో ఇంజను నడుమ, ఇన్‌టేక్ మానిఫోల్డ్ కింద కూలెంటు పైపులు ప్లాస్టిక్‌వి. ఏళ్ళ తరబడి వేడికి పెళుసెక్కి పగులుతాయి. తరువాత వాటి బదులు అల్యూమినియం పైపులు వచ్చాయి. అలాగే నేల కింద తిరిగే పొడుగాటి షాఫ్ట్‌ని నడుమ పట్టుకునే బేరింగు రబ్బరు చిరుగుతుంది. అప్పుడు కాళ్ళ కింద దబదబమని చప్పుడు. ఆ బండి కొనబోయేవాడు బేరానికి ముందే అడగాల్సిన ప్రశ్నలు ఈ రెండూ. ప్రతి బండికీ ఇలాంటివి వుంటాయి. సినిమాకి వెళ్ళే ముందు టాక్ కనుక్కుంటాం కదా, అలాగే!

మూడోది, చెయ్యకూడనివి. మేం ఇంజను చల్లారాలని చూస్తుంటే మా బావ వుత్సాహం పట్టలేక కూలెంటు డబ్బా మూత మీద చెయ్యి వేశాడు. చాచా ఆ చేతి మీద ఒక్కటిచ్చాడు. ఆ దెబ్బే లేకపోతే బావ ముఖం కాలిపోయేది. లోపల నీళ్ళు ప్రెషర్‌లో వుంటాయి గనుక 100 డిగ్రీలు దాటినా మరగవు. మూత తిప్పగానే ఒక్కసారిగా మరిగి ఎగజిమ్ముతాయి. ఇంజను పూర్తిగా చల్లారాకే మూత తియ్యాలి.

ఇంకొకటి. ఈ బళ్ళు రెండు టన్నుల పైమాట. ఒక్క జాకీని నమ్మి కింద దూరకు. గట్టి నేల మీద స్టాండ్లు వెయ్యి. ఎయిర్ సస్పెన్షన్ వుంటే ముందు జాకీ మోడ్‌లో పెట్టు. లేకపోతే చక్రాలు గాలిలో వుండగానే బండి తన ఎత్తు తనే సర్దుకోబోతుంది. బ్రేకులు, ఎయిర్ బ్యాగులు, పెట్రోలు పైపులు తెలిసినవాళ్ళకి వదిలెయ్. బ్రేకు ఆయిలు గాలిలో తేమ పీల్చుకుంటుంది గనుక రెండేళ్ళకోసారి మార్పించు. నాలుగు చక్రాలూ తిరిగే బండికి నాలుగు టైర్లూ ఒకే రకంవి, ఒకేలా అరిగినవి వుండాలి. చక్రాల బోల్టుల్లో ఒకటి తాళం బోల్టు అయితే దాని కీ బండిలో వుందో లేదో ఈ రాత్రే చూసుకో. పంక్చరైన రోజున వెతికితే లాభం లేదు.

మొన్న మా బావ బండి ఒక కొత్త కుర్రాడి సినిమాకి వెళ్ళింది. వాన షాటు. కథ ప్రకారం బండి ఆగిపోవాలి, హీరో బానెట్ ఎత్తి వైరు లాగాలి. కుర్రాడు బానెట్ ఎత్తి, నల్లటి మూత చూసి కంగారుపడి, "అన్నా, ఏది లాగాలి?" అన్నాడట.

"ఏదీ లాగకు బాబూ. చూస్తూ వుండు, చాలు" అన్నాడట మా బావ.

డైరెక్టరుకి అది నచ్చిందట, డైలాగుగా పెట్టేసుకున్నాడు. సినిమా వచ్చాక చూడండి. ఆ డైలాగు ఖరీదు మీకు తెలుసు.

వచ్చే వారం మళ్ళీ కలుద్దాం. ఉత్తరాలు రాస్తూ వుండండి.